దూరవిద్యలో బోధన – మన బాధ్యత

ఉత్తరము వ్రాసినవాడు జవాబు కొరకు ఎదురు చూస్తాడు. ఇది లోకసహజము. ఉత్తరప్రత్యుత్తరములను ఉర్దూలో 'ఖతో కితాబత్' అంటారు. ఇరుపక్షములు వ్రాసుకొన్నప్పుడే ఆ మాటకు అర్థము కలుగుతుంది. ఒకవైపు నుండి మాత్రమే సాగే వ్రాతను అర్జీ అనవచ్చును గాని ఖతో కితాబత్ అనరాదు. మన విశ్వవిద్యాలయములు ఇంటి వద్దనే ఉండి చదువుకొనేవారి కొరకు తొలుత నెలకొల్పిన విభాగములకు 'కరస్పాండెన్స్ కోర్సులు' అని పేరు పెట్టినప్పుడు పెద్దల మనస్సులో ఉన్నదీ ఈ అర్థమే. నేడు ఆ పేరు మారి 'దూరవిద్య' అయినది; ఉర్దూలో 'ఫాసలాతి తాలీమ్' అయినది. పేరు మారుటలో దోషము లేదు. అయితే పేరుతో పాటు జవాబు కూడ మాయమైనదేమో అన్నదే మా అనుమానము.

ఈ విషయమును ఈ ఏటి సంచికలో ప్రస్తావించుటకు కారణము ఉన్నది. మన కళాశాలలో దూరవిద్యా అధ్యయన కేంద్రము ఒకటి నెలకొల్పవలెనన్న ప్రతిపాదన కార్యవర్గము వారి పరిశీలనలో ఉన్నది. పుంగనూరు, సోమల, చౌడేపల్లె, సొదుం మండలముల నుండి చదువు మధ్యలో మానివేసినవారు, ముఖ్యముగా స్త్రీలు, ఇట్టి కేంద్రము దగ్గరలో ఉంటే బాగుండునని పలుమార్లు అడుగుతున్నారు. ప్రతిపాదనను మేము సమర్థిస్తున్నాము. అయితే కొన్ని నియమములతోనే సమర్థిస్తున్నాము. ఆ నియమములు ఏవో, వాటిని ఎందుకు పెట్టుకోవలెనో విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా కొంత పూర్వకథ. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీ తపాలా బిళ్ళతో దేశములో ఎక్కడికైనా ఉత్తరము పంపగల ఏర్పాటు వచ్చినది. సంక్షిప్తలిపి నేర్పే ఐజాక్ పిట్మన్ ఆ తపాలానే పాఠశాలగా మార్చుకొన్నాడు. శిష్యులు అభ్యాసములు వ్రాసి పంపేవారు. ఆయన వాటిని దిద్ది తిరిగి పంపేవాడు. ఆ తరువాత 1858లో లండన్ విశ్వవిద్యాలయము ఏ కళాశాలలోనూ చదవనివారు సైతము తన పరీక్షలకు కూర్చొనవచ్చునని తలుపులు తెరచినది. ఇదియు గొప్ప మేలే. అయితే అక్కడ విశ్వవిద్యాలయము పరీక్ష పెట్టుటయే గాని పాఠము చెప్పుట లేదు; చదువు ఎట్లు వచ్చినదన్నది విద్యార్థి అదృష్టమునకు వదలినది.

ఈ రెండును రెండు వేరువేరు మార్గములు. మొదటిది దిద్ది నేర్పు మార్గము. రెండవది పరీక్షించి పట్టము ఇచ్చు మార్గము. మన దూరవిద్య తన వంశవృక్షములో పిట్మన్‌ను మూలపురుషునిగా చెప్పుకొంటూ, ఆచరణలో పలుచోట్ల లండన్ వారి 1858 నాటి పద్ధతినే నడుపుతున్నది. పైగా లండన్ వారు తాము పాఠము చెప్పుచున్నామని ఎన్నడును అనలేదు. మనము పాఠమునకని రుసుము వసూలు చేస్తూ పరీక్ష మాత్రమే పెడుతున్నాము. చిక్కు అంతయు ఇక్కడనే ఉన్నది.

మన దేశములో ఈ విద్యకు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము శ్రీకారము చుట్టినది. 1964 – 66 నడుమ పని చేసిన కొఠారీ కమిషన్ ఈ పద్ధతిని విస్తరింపవలెనని సిఫారసు చేసినది. తెలుగునాట 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1977లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఈ మార్గములో అడుగుపెట్టినవి. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. భారతదేశములో ఇదియే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో చెప్పలేము. ఇంటర్మీడియట్ చదువనివారు సైతము అర్హత పరీక్ష వ్రాసి పట్టపు చదువులో చేరవచ్చునని అది ప్రకటించినప్పుడు, బడి మానిన ఎందరో గుమాస్తాలకు, కూలీలకు, గృహిణులకు మూతపడిన తలుపు మరల తెరచుకొన్నది. తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని ఆయనే తొలి ఉపాధ్యక్షులైనారు. ఆయన తరువాతి కాలములో 1985 – 89 నడుమ మన రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1991లో ఆ సంస్థకు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టినారు. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట దాని కేంద్రస్థానము తెలంగాణలో ఉండిపోయినది. ఇక ఉర్దూ మాధ్యమములో ఉన్నతవిద్య కొరకు 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము తొలినాటి నుండియు దూరవిద్యకు ప్రాధాన్యమిచ్చినది. తెలుగువారికిని, ఉర్దూ చదివినవారికిని దూరవిద్య కొత్త మాట కాదు. ఇంత పెద్ద వారసత్వమును చేతిలో పెట్టుకొని మనము ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న.

ఇచ్చట మా అనుభవము ఒకటి చెప్పక తప్పదు. ఇది ఇతరులపై నింద కాదు. మొదటి దోషము మాదే.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక అధ్యయన కేంద్రములో ఆదివారములు బోధకులుగా పని చేసినాము. ఆ కేంద్రము పేరుతో ఇప్పుడు నిమిత్తము లేదు. ఒకనాటి సాయంకాలము 84 అసైన్‌మెంట్ల కట్ట మా బల్లమీద పెట్టి, మరునాటికి మార్కులు కావలెనన్నారు. మూడు గంటలలో పని ముగించినాము. లెక్క కట్టి చూస్తే ఒక్కొక్క విద్యార్థికి రెండు నిమిషములు దక్కినవి. ఆ కట్టలో నూటికి తొంభైపాళ్ళు ఒకే గైడు నుండి దించినవే. గైడులో అచ్చుతప్పు ఉన్నచోట అందరి వ్రాతలోను అదే తప్పు. మేము పేజీలు తిప్పి, పొడవు చూచి, 'ఏడు', 'ఎనిమిది' అని అంకెలు వేసినాము. ఒక్క కాగితము మాత్రము వేరుగా కనబడినది. ద్రవ్యోల్బణమంటే ఏమి అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి, టమోటా ధర ఒక్కసారిగా పెరిగితే దానినే ద్రవ్యోల్బణమంటారని, తమ ఇంట్లో ఆ వారము కూర ఎట్లు మారిపోయినదో తన మాటలలో వ్రాసినది. ఆ జవాబు తప్పు. ఒక్క వస్తువు ధర పెరుగుట ద్రవ్యోల్బణము కాదు. సాధారణ ధరల స్థాయి అంతయు కొంతకాలము పాటు పెరుగుతూ పోవుట ద్రవ్యోల్బణము. ఈ రెండు వాక్యములు ఆ కాగితము అంచున వ్రాయుటకు అర నిమిషము పట్టును. మేము వ్రాయలేదు. 'నాలుగు' అని అంకె వేసి కట్ట కట్టినాము.

మరుసటి సంవత్సరము సోమల బస్టాండులో ఆ అమ్మాయి మమ్ములను గుర్తుపట్టి నమస్కరించినది. చదువు ఎట్లున్నదని అడిగినాము. "ఆ పేపరు పోయింది సార్. టమోటా ధర గురించి మళ్ళీ అదే రాసినా. అది తప్పని నాకెవురూ చెప్పలే" అన్నది. ఆ మాటలో కోపము లేదు, నిష్ఠూరము లేదు. ఉన్న సంగతి చెప్పినది, అంతే. మాకు మాత్రము బస్సు ఎక్కిన తరువాత కూడ ఆ మాట చెవిలో మెదలుతూనే ఉన్నది. గైడు చూచి దించినవారికి ఏడెనిమిది మార్కులు. తనంతట తాను ఆలోచించిన పిల్లకు నాలుగు మార్కులు, ఒక తప్పిన పేపరు. ఇది విద్య అనిపించుకొనునా?

మన పురాణములలో దూరవిద్యకు ఆద్యుడు ఏకలవ్యుడని సభలలో చమత్కారముగా చెప్పుట పరిపాటి. ఆ కథను కొంచెము నిదానించి చదివితే చమత్కారము నిలువదు. గురువు ఏకలవ్యునికి ఒక్క పాఠము చెప్పలేదు, ఒక్క తప్పు దిద్దలేదు. మట్టిబొమ్మ ముందు శిష్యుడే కష్టపడి నేర్చుకొన్నాడు. గురువు దర్శనమిచ్చినది దక్షిణ పుచ్చుకొనుటకు మాత్రమే. విద్యార్థికి ఏడాది పొడుగునా కనబడక రుసుము గడువునాడు మాత్రమే గుర్తుకు వచ్చు సంస్థ ఏదైనను ఈ కథలో తన ముఖము చూచుకొనవలెను. 'గురువు లేని విద్య గుడ్డి విద్య' అన్న సామెత మనకు ఉండనే ఉన్నది.

దూరవిద్య తరగతిగది చదువు కంటె తక్కువదని కొందరి భావన. మేము దానిని అంగీకరించము. 1969లో రాజశాసనము పొంది 1971లో బోధన ఆరంభించిన బ్రిటిషు సార్వత్రిక విశ్వవిద్యాలయము ఇట్టి భావనను తొలగించినది. అక్కడ ఒక్కొక్క పాఠ్యగ్రంథమును ఒక్క ఆచార్యుడు గదిలో కూర్చుండి వ్రాయడు. విషయనిపుణులు, సంపాదకులు, ప్రసారముల రూపకర్తలు బృందముగా కూడి చిత్తుప్రతిని చర్చించి దిద్దుతారు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. విద్యార్థి పంపిన వ్రాతను బోధకుడు దిద్ది, వివరముగా అభిప్రాయము వ్రాసి తిరిగి పంపుతాడు. ఆ బోధకుడు ఎట్లు దిద్దినాడో కొన్ని ప్రతులను తీసి చూచుటకు అతని పైన మరియొకరు ఉంటారు. విద్యార్థి వ్రాతకే గాక, గురువు వ్రాతకు కూడ అక్కడ పరిశీలన ఉన్నది. ఆ విద్యకు వచ్చిన గౌరవమునకు కీలకము ఇదియే.

మన జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయములో ఒక్కొక్క క్రెడిట్ అనగా విద్యార్థి 30 గంటల అధ్యయనము. నాలుగు క్రెడిట్ల విషయమునకు 120 గంటలు. ఈ గంటలలో అధికభాగము విద్యార్థి ఒంటరిగా పుస్తకముతో గడుపవలసినదే. ముఖాముఖి తరగతులకు దక్కునది స్వల్పము. అందుచేత పుస్తకము బాగుండవలెను, అసైన్‌మెంటుకు నిజమైన జవాబు రావలెను. ఈ రెండును లేనిచోట ఆ 120 గంటలు కాగితము మీది లెక్క మాత్రమే. అక్కడ అనేక విషయములలో అసైన్‌మెంట్లకు తుది మార్కులలో 30 శాతము కేటాయించుటలోని ఆంతర్యము కూడ ఇదియే. మార్కులు ఎరగా పెట్టియైనను విద్యార్థి చేత వ్రాయించి, ఆ వ్రాత ద్వారా అతనికి నేర్పవలెనని వారి తలంపు. మనము ఎరను మాత్రమే ఉంచుకొని నేర్పును వదలివేసినాము.

'ఇది విశ్వవిద్యాలయములు చూచుకొనవలసిన పని. మూలనున్న ఒక చిన్న కళాశాల చేయగలిగినది ఏమున్నది?' అని కొందరు అనవచ్చును. పాఠ్యపుస్తకము వ్రాయుట, పరీక్ష పెట్టుట, పట్టమిచ్చుట మన చేతిలోని పనులు కావు. నిజమే. అయితే విద్యార్థికి విశ్వవిద్యాలయమంటే కనబడునది అధ్యయన కేంద్రమే. సోమల నుండి వచ్చిన పిల్లకు హైదరాబాదో, ఢిల్లీయో, తిరుపతియో ఎప్పటికిని కనబడదు. ఆదివారము ఆమె ఎదుట నిలబడువారము మనమే. ఆమె కాగితము మీద ఎర్రసిరా వేయువారము మనమే. ఆ పని మన చేతిలోనే ఉన్నది.

కావున కేంద్రము నెలకొల్పినచో ఈ క్రింది ఆరు నియమములను కార్యవర్గము వారు తీర్మానముగా ఆమోదించవలెనని కోరుతున్నాము.

మొదటిది: ప్రతి అసైన్‌మెంటును 21 రోజులలో దిద్ది విద్యార్థి చేతికి తిరిగి ఇవ్వవలెను. ప్రతి కాగితము మీద మూడు వాక్యములు తప్పనిసరిగా ఉండవలెను: ఏది సరిగా ఉన్నది, ఏది తప్పు, దానిని సరిదిద్దుకొనుటకు ఏమి చదువవలెను. అంకె మాత్రమే వేసిన కాగితమును కార్యాలయము స్వీకరింపరాదు. ఒక్కొక్క కట్ట నుండి ఐదు ప్రతులను విభాగాధిపతి తీసి, విద్యార్థి వ్రాతను గాక బోధకుని వ్యాఖ్యను చదువవలెను. మా కట్టతోనే ఆరంభించవలసినదిగా ముందే కోరుకొంటున్నాము.

రెండవది: ఒక్కొక్క బోధకునికి 30 మందికి మించి అప్పగింపరాదు. 84 కాగితముల కట్ట ఎవరి బల్లమీద పెట్టినను ఫలితము అదే. బోధకునికి ఇచ్చు పారితోషికము స్వల్పమని, అది కూడ ఆలస్యముగా చేరునని మా సహోద్యోగులు చెప్పు మాట అబద్ధము కాదు. అందుచేత ఈ పనిని ఆదివారపు అదనపు చాకిరిగా గాక వారపు పనిగంటలలో భాగముగా లెక్కింపవలెనని మనవి. పనికి విలువ కట్టనిచోట నాణ్యతను అడుగు హక్కు ఎవరికిని ఉండదు.

మూడవది: గైడుకు అందని అభ్యాసములు. విశ్వవిద్యాలయము ఇచ్చు ప్రశ్నలను మనము మార్చజాలము. వాటికి తోడుగా మన కేంద్రము తరఫున ఒక్కొక్క విషయమునకు ఒక్క చిన్న అభ్యాసము ఇవ్వవచ్చును. అర్థశాస్త్రము చదువువారు మదనపల్లె టమోటా మండీలో వారము రోజుల ధరలు వ్రాసుకొని, అవి ఎందుకు మారినవో చెప్పవలెను. వాణిజ్యశాస్త్రము వారు తమ ఊరి పాల సేకరణ కేంద్రము జమాఖర్చు పద్ధతిని వివరింపవలెను. చరిత్ర వారు గుర్రంకొండ కోటను చూచి రావచ్చును. లేదా 1919లో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియసాఫికల్ కళాశాలలో విడిది చేసి 'జనగణమన'ను ఆంగ్లీకరించిన ఘట్టమును వ్రాయవచ్చును. తెలుగు వారు తమ అవ్వను అడిగి పది సామెతలు సేకరింపవచ్చును. ఇట్టి ప్రశ్నకు జవాబు బజారులో దొరకదు. తనంతట తాను వ్రాసినవాడు తప్పు చేసినను, ఆ తప్పును దిద్దవచ్చును. దించి వ్రాసినవానిలో దిద్దుటకు ఏమియు ఉండదు.

నాలుగవది: సంపర్క తరగతులు విద్యార్థి సౌకర్యమును బట్టి జరుగవలెను. 'పిల్లలు రారు, ఎవరికి చెప్పమంటారు?' అన్నది బోధకుల ఫిర్యాదు. రానివారిని మేము అడిగి చూచినాము. ఒకరికి తిరుగు బస్సు లేదు. ఒకరికి మామిడి కోతల కాలము. ఒక తల్లికి బిడ్డను వదలిరాగల చోటు లేదు. మరియొకరు చెప్పిన కారణము అన్నింటికంటె బరువైనది: 'పుస్తకములో ఉన్నదే చదివి వినిపించుటకు అంత దూరము రావలెనా?' మొదటి మూడింటికి వేళలు మార్చవచ్చును, తల్లుల కొరకు ఒక గది కేటాయించవచ్చును. నాలుగవదానికి మందు మన వద్దనే ఉన్నది. తరగతి ఉపన్యాసముతో గాక విద్యార్థుల ప్రశ్నలతో మొదలు కావలెను. ముందు వారమే ప్రశ్నలు చీటీలపై గాని ఫోనులో గాని తెప్పించుకొని, వాటినే పాఠముగా చెప్పవలెను. ఇక జరుగని తరగతికి హాజరు వేయుట విద్యాద్రోహమని మనము స్పష్టముగా వ్రాసుకొనవలెను.

ఐదవది: కేంద్రము విద్యార్థి ఊరికి వెళ్ళవలెను. సోమలలో నెలకొక ఆదివారము, ఏ పాఠశాల గదిలోనైనను సరే, ఒక అధ్యాపకుడు రెండు గంటలు కూర్చుండవలెను. మిగిలిన ఆదివారములలో ఆ ఊరి విద్యార్థులే ఒకచోట కలిసి చదువుకొనేటట్లు ఏర్పాటు చేయవలెను. 2020లో కోవిడ్ వ్యాధి కాలమున ఫోను ద్వారా పాఠములు చెప్పగలమని మనము నేర్చుకొన్నాము. అదే కాలమున, ఇంటికి ఒకే ఫోను ఉన్నచోట అది మొదట కొడుకు చేతికే పోవునన్న సంగతియు నేర్చుకొన్నాము. యంత్రము మేలు చేయును గాని, అది గురువు స్థానమును తీసుకొనజాలదు. ఈ పాఠము కొత్తది కాదు. ఆకాశవాణి, దూరదర్శన్‌ల ద్వారా పాఠములు ప్రసారము చేసిన నాడును, తరువాత అడుగుటకు ఒక మనిషి ఉన్నచోటనే ఆ పాఠము మనస్సుకు ఎక్కినది.

ఆరవది: భాష. మన కళాశాలకు ఇది ప్రత్యేకమైన బాధ్యత. ఇంట్లో దక్కనీ మాట్లాడి, ఉర్దూ బడిలో చదివి, పట్టపు చదువునకు తెలుగు మాధ్యమములో చేరినవారికి మొదటి అడ్డంకి విషయము కాదు, పరిభాష. 'ద్రవ్యోల్బణము' అన్న పదము చూచి బెదరినవారికి అది తమ బడిలో విన్న 'ఇఫ్రాతె జర్' అని చెబితే సగము భయము తీరును. డిమాండును ఉర్దూలో 'తలబ్' అంటారు, సప్లయిని 'రసద్' అంటారు. మన తెలుగు బజారులో వాడు గిరాకీ, సరఫరా, జమ, వసూలు, రశీదు అన్న మాటలు ఉర్దూ, పారశీకముల దారినే వచ్చినవి. రెండు భాషలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు విద్యార్థిని మధ్యలో ఒంటరిగా నిలబెట్టుట మన చేతగానితనమే అవుతుంది. ఒక్కొక్క విషయమునకు 200 పదములతో తెలుగు – ఉర్దూ – ఇంగ్లీషు పదపట్టిక తయారు చేయు పనిని మన తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి చేపట్టవలెను. ఇందులో మా వంతు శ్రమకు మేము సిద్ధము.

ఈ ఆరింటి ఫలితము తెలుసుకొనుటకు ఒక కొలత కావలెను. కేంద్రములు తమ ఘనతను ప్రవేశముల సంఖ్యతో చెప్పుకొనుట అలవాటు. ఎందరు చేరినారన్నది సంతలోని లెక్క. ఎందరు పూర్తి చేసినారు, మానినవారు ఎందుకు మానినారు అన్నది విద్యాసంస్థ లెక్క. మన వార్షిక నివేదికలో ఈ రెండవ లెక్కనే ప్రకటించవలెను, అది ఎంత చేదుగా ఉన్నను.

విద్యార్థులకు రెండు మాటలు. దూరవిద్య పట్టము చెల్లదని ఎవరైనను మిమ్ములను చులకన చేస్తే తల వంచవద్దు. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్య ద్వారా ఇచ్చు పట్టములు రెగ్యులర్ పట్టములతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 సెప్టెంబరులో మరల స్పష్టము చేసినది. అయితే 'గుర్తింపు పొందిన' అన్న మాటను మరువవద్దు. చేరుటకు ముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరమునకు ఆ సంఘపు దూరవిద్యా విభాగము అనుమతి ఉన్నదో లేదో స్వయముగా చూచుకొనండి. అనుమతి లేకుండ కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టములపై సర్వోన్నత న్యాయస్థానము 2017 నవంబరు 3న తీర్పు చెప్పినప్పుడు, ఏళ్ళ తరబడి ఉద్యోగములు చేసుకొంటున్నవారి పట్టములు కూడ చిక్కున పడినవి. తప్పు సంస్థలది; కష్టము విద్యార్థులది.

రెండవ మాట: గైడును దించి వ్రాసి మీరు మోసగించునది మమ్ములను కాదు. మేము అంకె వేసి మరచిపోగలము. మా దోషమును పైన ఒప్పుకొన్నాము. రేపు ఉద్యోగములోనో, వ్యాపారములోనో, బిడ్డకు పాఠము చెప్పునప్పుడో ఆ లోటు మీకే కనబడును. తప్పైనను మీ మాటలలో వ్రాయండి. తప్పు వ్రాసినవారికి మార్గము చూపించుటకే మేము జీతము తీసుకొంటున్నాము. మీ కాగితము వ్యాఖ్య లేకుండ తిరిగి వస్తే మా వద్దకు వచ్చి, 'ఇందులో తప్పేమి?' అని అడుగండి. అది అవిధేయత కాదు, మీ హక్కు.

కార్యవర్గము వారికి తుది మనవి. పై నియమములు భారమని తోచవచ్చును. ఖర్చు ఉన్నది, శ్రమ ఉన్నది, రుసుముల వలన వచ్చు ఆదాయము వీటికే చాలకపోవచ్చును. ఆ భారము మోయలేమని తీర్మానించినచో కేంద్రము పెట్టవద్దని వినయముగా చెబుతున్నాము. కేంద్రము లేనిచోట విద్యార్థి తనకు చదువు అందలేదని తెలుసుకొని మరియొక దారి వెదకుకొనును. కేంద్రము ఉండి పాఠము లేనిచోట, తాను చదువుతున్నానన్న భ్రమలో మూడు సంవత్సరములు పోగొట్టుకొని, చివరకు తన తెలివినే శంకించుకొనును. ఈ రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది.

మోయగలమని తీర్మానించినచో మాత్రము, ఈ సీమలో ఏ పెద్ద సంస్థకును తీసిపోని పని ఈ చిన్న కళాశాల చేసి చూపగలదని మా విశ్వాసము. సోమల బస్టాండులో మమ్ములను పలుకరించిన అమ్మాయి ఇప్పుడు కుట్టుమిషనుపై పని చేసుకొంటున్నది. ఈ మధ్య మరల కనబడి, 'మీ కాలేజీలో సెంటరు వస్తుందంటనే సార్, నిజమేనా?' అని అడిగినది. తేల్చి చెప్పలేకపోయినాము. కార్యవర్గము వారి తీర్మానము వెలువడిన పిమ్మట ఆమెకు జవాబు చెప్పవలసి ఉన్నది. ఈ పర్యాయము ఆ జవాబు అంకెతో సరిపెట్టునది కాకూడదు.